ఆహార పరిశ్రమలో జారిపడు ప్రమాదాలు (నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం)

ఆహార పదార్థాలను మరపట్టు, శుద్ధిచేయు, నిల్వచేయు కర్మాగారాలలో పనివారు కాలుజారి గాని, తట్టుకొని గాని, ఎత్తునుండి గాని, గుంతలోనికి లేక తొట్టిలోనికి గాని పడిపోవుట వలన కలిగే గాయాలను, మరణాలను ఈ వ్యాసంలో జారిపడు ప్రమాదాలు అని వ్యవహరించడమైనది. బియ్యపు మిల్లులు, పప్పు మిల్లులు, నూనె మిల్లులు, పాల డైరీలు, శీతల గిడ్డంగులు, చేపలు రొయ్యల శుద్ధి కేంద్రాలు ఈ పరిశ్రమలోనివే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో వీటిలో మొదటి నాలుగు రకాలకు ప్రాధాన్యం ఎక్కువ.

కాలు జారుట పనివాని అజాగ్రత్త అనే భావన మన సమాజంలో బలంగా నాటుకొని ఉన్నది. పడినవారు సైతం "నా కాలే జారింది" అని తమనే నిందించుకుంటారు. కాని నేల తడిగా ఉండుట, గుంతకు మూత లేకపోవుట, మెట్లకు కటకటాలు లేకపోవుట, మోయించే బరువు ఎక్కువగుట వంటివి పనివాని చేతిలో ఉన్న విషయాలు కావు. భారతదేశపు చట్టాలు కూడా వీటి బాధ్యతను యజమానిపైననే ఉంచినవి. అంతేకాక, పనివాడు అజాగ్రత్తగా ఉన్నాడన్న ఒక్క కారణంతో నష్టపరిహారాన్ని నిరాకరించుటకు చట్టం అంగీకరించదు.

ప్రాంత నేపథ్యం

ఆళ్లగడ్డ పట్టణం నంద్యాలకు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కర్నూలు నుండి కడప మీదుగా పోవు 40వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. పూర్వం కర్నూలు జిల్లాలో ఉన్న ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోనికి వచ్చినవి. కుందూ నది పరీవాహక ప్రాంతంలోని నల్లరేగడి భూములు, 19వ శతాబ్దంలో త్రవ్విన కర్నూలు-కడప కాలువ, తరువాతి కాలపు తెలుగుగంగ కాలువ ఈ ప్రాంతపు వ్యవసాయానికి ఆధారాలు. నంద్యాలలో 1906లో స్థాపించిన వ్యవసాయ పరిశోధనా స్థానం నేటికీ పనిచేస్తున్నది.

కాలువల క్రింద వరి, మెట్ట భూములలో శనగ, కంది, వేరుశనగ, పత్తి పండుతాయి. బాపట్ల పరిశోధనా స్థానం 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఈ ప్రాంతంలో విస్తారంగా సాగై నంద్యాల సోనా, కర్నూలు సోనా అనే పేర్లతో బజారులో ప్రసిద్ధి చెందినది. పండిన పంటను మరపట్టుటకు వచ్చినవే ఇక్కడి బియ్యపు, పప్పు, నూనె మిల్లులు. నంద్యాల పాల డైరీకి కూడా కేంద్రం.

ఈ మిల్లులలో పనిచేసేవారు ముఖ్యంగా మూడు తరగతులవారు: యంత్రాల వద్ద ఉండే ఆపరేటర్లు, ఫిట్టర్లు, బస్తాలు మోసే హమాలీలు, ఊడ్చుట, చెరుగుట, సంచులు కుట్టుట వంటి పనులు చేసే రోజుకూలీలు. రోజుకూలీలలో స్త్రీలు ఎక్కువ. హమాలీలకు సాధారణంగా బస్తాకు ఇంత అని కూలి లెక్క కడతారు. ఎన్ని ఎక్కువ బస్తాలు మోస్తే అంత కూలి కాబట్టి వేగం తప్పదు. వేగం పెరిగిన కొలది అడుగు తప్పే అవకాశం పెరుగుతుంది.

ప్రమాదాల రకాలు

1. కాలుజారుట: పాదానికి, నేలకు మధ్య ఉండవలసిన రాపిడి తగ్గిపోవుట వలన జరుగుతుంది. నీరు, నూనె, పాలు, తవుడు, పొడి గింజలు దీనికి కారణాలు.

2. తట్టుకొనుట: నేలపై అడ్డంగా పడియున్న పైపు, కరెంటు వైరు, సంచి, ఎగుడుదిగుడు గచ్చు వంటివాటికి పాదం తగిలి ముందుకు పడుట.

3. ఎత్తునుండి పడుట: నిచ్చెన, అటక, బస్తాల దొంతర, లారీ, ఎలివేటరు పైభాగం, రేకుల కప్పు నుండి పడుట.

4. గుంతలో, తొట్టిలో పడుట: ధాన్యం పోసే గుంత, ఎలివేటరు అడుగు గుంత, నానబెట్టు తొట్లు, నూనె ట్యాంకులు, వ్యర్థజలాల తొట్లలో పడుట. ఇందులో పడిన దెబ్బకంటె విషవాయువు, ప్రాణవాయువు లేమి, వేడినీరు, ధాన్యపు ఒత్తిడి ఎక్కువ ప్రాణాంతకమగును.

భౌతికశాస్త్ర వివరణ

నడచునపుడు మడమ నేలను తాకే క్షణంలో పాదం ముందుకు జారకుండ ఆపునది రాపిడి. రాపిడి గుణకం తగ్గితే శరీరపు బరువు ముందుకు పోక పాదమే ముందుకు పోతుంది, మనిషి వెనుకకు పడతాడు. చెప్పు అడుగుకు, గచ్చుకు మధ్య పలుచని నూనె పొర లేక నీటి పొర ఉన్నచో ఆ రెండు తలములు ఒకదానినొకటి తాకవు. నున్నని గచ్చుపై ఒలికిన వడ్లు, బియ్యం, శనగలు పాదం క్రింద గోళీల వలె దొర్లుతాయి. తవుడులో 15 నుండి 20 శాతం వరకు నూనె ఉంటుంది కాబట్టి అది చూచుటకు పొడిగా కనిపించినను నేలను జారుడుగా చేస్తుంది.

బరువు మోయునపుడు శరీరపు గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. 75 కిలోల ధాన్యం బస్తాను భుజంపైనో వీపుపైనో మోసే 60 కిలోల మనిషిని ఊహించినచో, కదులుతున్న మొత్తం బరువు 135 కిలోలు. అందులో సగానికి పైగా నడుముకు పైన ఉన్నది. ఖాళీ చేతులతో నడిచేవాడు తమాయించుకొనగల చిన్న జారుడుకే బరువు మోసేవాడు కూలిపోవుట ఇందువలననే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం వయోజన పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించరాదు.

ఎత్తునుండి పడునపుడు వేగం ఎంత త్వరగా పెరుగునో క్రింది లెక్కలు తెలుపును (గాలి నిరోధాన్ని విడిచి, గురుత్వ త్వరణం 9.8 గా తీసికొని):

2 మీటర్ల ఎత్తునుండి: 0.64 సెకను, నేలను తాకు వేగం గంటకు సుమారు 23 కి.మీ.
3 మీటర్ల ఎత్తునుండి: 0.78 సెకను, గంటకు సుమారు 28 కి.మీ.
5 మీటర్ల ఎత్తునుండి: 1.01 సెకను, గంటకు సుమారు 36 కి.మీ.

అనగా రెండు మీటర్ల నిచ్చెన నుండి పడినవాడు సైకిలుపై వేగంగా పోతూ గోడను గుద్దుకొన్నట్లే. పడుతున్నానని గ్రహించి చేయి చాచుటకు కూడా వ్యవధి చాలదు. కాబట్టి ఎత్తున పనిచేసేవానిని "జాగ్రత్తగా ఉండు" అని హెచ్చరించుట రక్షణ కానేరదు. పడకుండ ఆపే కటకటాలు ఉండుటయే రక్షణ.

కర్మాగారాలను బట్టి కారణాలు

బియ్యపు మిల్లు: ధాన్యం మొదట నేలమట్టంలోని గుంతలో పోయబడి, బకెట్ ఎలివేటరు ద్వారా పైకి పోయి, మట్టి, రాళ్లు వేరుచేయు యంత్రాలు, పొట్టు తీయు రబ్బరు రోలర్లు, పాలిషింగ్ యంత్రాలు, జల్లెడల గుండా క్రిందికి వస్తుంది. కాబట్టి మిల్లు కట్టడం అంతస్తులుగా ఉంటుంది. బెల్టు జారినప్పుడు, గొట్టం పూడుకొన్నప్పుడు ఫిట్టరు ఇరుకైన ఇనుప మెట్లపై పరుగున ఎక్కుతాడు. ధాన్యం గుంతపై ఉండవలసిన ఇనుప జాలీని లోడు త్వరగా దిగుటకై తీసి మరల వేయకపోవుట, ఎలివేటరు అడుగు గుంతకు మూత లేకపోవుట, దుమ్ము పట్టిన దీపాల మసక వెలుతురు సాధారణంగా కనిపించే లోపాలు. కోతల కాలంలో మిల్లు రాత్రింబవళ్లు నడుచును. తెల్లవారుజామున అలసట, నిద్రమత్తు వీటికి తోడగును.

ఉప్పుడు బియ్యపు మిల్లు: ఇక్కడ ధాన్యాన్ని వేడినీటిలో నానబెట్టి, ఆవిరిపట్టి ఆరబెడతారు. నేల ఎల్లప్పుడు తడిగా ఉండును. తొట్ల పైగట్టుపై నడిచేవారికి ఆవిరిలో అడుగు కనిపించదు. పడినచో దెబ్బతోపాటు కాలిన గాయాలు కూడా కలుగును.

గిడ్డంగి: బస్తాలను దొంతరలుగా పేర్చునపుడు హమాలీలు బస్తాలనే మెట్లుగా చేసికొని ఎక్కుతారు. అంచు బస్తాలు అడ్డదిడ్డంగా ఉన్నచో కాలి క్రింది బస్తా జారును, లేదా దొంతరే ఒరిగి మీద పడును. లారీకి, అరుగుకు మధ్య వేసే చెక్క పలక బిగించియుండదు. మోసేవాని బరువుకు అది వంగి ప్రక్కకు జరుగును. ప్లాస్టిక్ సంచులు గోనె సంచులకంటె నున్నగా ఉండుట వలన వాటి దొంతరలు త్వరగా జారును.

పప్పు మిల్లు: కందులు, శనగలకు నూనె, నీరు పట్టించి ఆరబెట్టుట ఈ పనిలో భాగం. ఆరబెట్టు కళ్లం మేడపై ఉన్నచో పిట్టగోడ లేని అంచు, మూత లేని గుంతలు ప్రమాద స్థానాలు.

నూనె మిల్లు: వేరుశనగ, పత్తి గింజల నూనె నేలపై చిందుట అనివార్యం. చిందిన నూనెపై ఊక చల్లి ఊడ్చుట పాత అలవాటు; ఊక నూనెను పీల్చినను, నేలపై మిగిలే పలుచని పొర పోదు. సబ్బు ద్రావణంతో కడిగి ఆరనీయవలెను.

పాల డైరీ: పాలలోని కొవ్వు, యంత్రాలు కడుగుటకు వాడు కాస్టిక్ సోడా ద్రావణం రెండును నేలను జారుడుగా చేస్తాయి. పరిశుభ్రత కొరకు నేలను ఎంత ఎక్కువగా కడిగితే అంత తడి. శీతల గదుల గుమ్మాల వద్ద చెమ్మ, మంచు పేరుకొనును. అందువలన ఆహార కర్మాగారాలలో పరిశుభ్రతకు, పనివారి భద్రతకు పొత్తు కుదరవలెనన్నచో నీరు నిలువని వాలు, కాలువలు, గరుకు నేల తప్పనిసరి.

రేకుల కప్పు: వానకు ముందు కారుచున్న చోటును మూయుటకు కప్పు ఎక్కినవాడు సిమెంటు రేకు విరిగి నేరుగా లోపలి గచ్చుపై పడుట ఎత్తునుండి పడు ప్రమాదాలలో మిక్కిలి ప్రాణాంతకమైనది. ఎండకు, వానకు పెళుసైన రేకు మనిషి బరువును ఆపదు. మేకులు కొట్టిన వరుస గట్టిగా ఉండునన్న నమ్మకం కూడా సరియైనది కాదు.

తొట్లలో మరణాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఆహార పరిశ్రమకు సంబంధించి ఇటీవలి కాలంలో ఎక్కువమందిని బలిగొన్నవి తొట్ల ప్రమాదాలు. 2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలోని ఒక ఆక్వా ఆహార శుద్ధి కర్మాగారంలో వ్యర్థాల తొట్టి వద్ద ఐదుగురు కార్మికులు మరణించారు. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి. రాగంపేటలోని ఒక నూనె కర్మాగారంలో ట్యాంకును శుభ్రపరచుటకు దిగిన ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. వీరిలో పాడేరు ప్రాంతం నుండి పనికి వచ్చిన గిరిజనులు ఉన్నారు.

ఇటువంటి ప్రమాదాల వరుస సాధారణంగా ఒకే విధంగా ఉండును. మొదటివాడు లోపలికి దిగి స్పృహతప్పి పడిపోతాడు. అతడు కాలుజారి పడినాడనుకొని రెండవవాడు, వారిద్దరినీ చూచి మూడవవాడు దిగుతారు. లోపల గాలిలో ప్రాణవాయువు తక్కువై ఉన్నదని ఎవరికీ తెలియదు. మామూలు గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం, అది 19.5 శాతం కంటె తగ్గినచో లోపలికి దిగరాదు. నూనె మడ్డి, కుళ్లిన సేంద్రియ పదార్థాలు మూసిన తొట్టిలోని ప్రాణవాయువును హరిస్తాయి, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువును కూడా పుట్టించవచ్చును. కాబట్టి తొట్టిలో మనిషి పడియున్నచో వెంటనే లోపలికి దిగకుండుటయే మిగిలినవారు పాటించవలసిన మొదటి నియమం. మనసుకు ఇది కఠినంగా తోచును. కాని దిగకుండ బయటి నుండి గాలి పంపుతూ, శ్వాసపరికరాలు గల సిబ్బందిని పిలిచినచో ఒక ప్రాణమైనా దక్కును, తక్కిన ప్రాణాలు పోవు.

ధాన్యపు గోతాములలో మరొక రకపు అపాయం ఉన్నది. అడుగున ధాన్యం జారుచుండగా పైన నిలబడినవాడు ఊబిలో వలె కొన్ని సెకన్లలోనే దిగబడిపోతాడు. నడుము వరకు దిగిన మనిషిని చేతులతో లాగి తీయుట అసాధ్యం. అమెరికాలో 1987లో ధాన్యపు నిల్వలకు ప్రత్యేక భద్రతా నిబంధనలు చేశారు.

గాయాల స్వభావం, ప్రథమ చికిత్స

వెనుకకు పడినచో తల వెనుకభాగం, తుంటి, ముడ్డిపూస. చేయి ఆనించినచో మణికట్టు. పాదాలపై పడినచో మడమ ఎముక, వెన్నుపూసలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఎత్తునుండి పాదాలపై పడినవానికి మడమ విరిగినచో వెన్నుపూసను కూడా పరీక్షించవలెను. వెన్నుపాము దెబ్బతిన్న హమాలీ బ్రతికినను మరల బస్తా మోయలేడు. ఆ ఇంటి ఆదాయం ఆ ఒక్క క్షణంతో ఆగిపోవును.

పడినవానిని వెంటనే లేపి కూర్చుండబెట్టుట, చేతులు కాళ్లు పట్టి ఎత్తి ఆటోలో వేయుట మన వద్ద సర్వసాధారణం. వెన్ను విరిగియున్నచో ఈ పనివలననే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చును. చేయవలసిన పనులు:

* మెడను, తలను కదలనీయక, పడిన చోటనే ఉంచి 108 అంబులెన్సును పిలువవలెను.
* తప్పనిసరియై కదల్చవలసినచో తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండునట్లు నలుగురైదుగురు కలిసి వెడల్పు పలకపైకి చేర్చవలెను.
* రక్తం కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను.
* వాంతులు, మగత, చెవినుండి రక్తం, కంటిపాపలలో తేడా, చేతులు కాళ్లు ఆడకపోవుట ఉన్నచో ఆలస్యం ప్రాణాపాయం.
* తలకు దెబ్బ తగిలి బాగుగానే ఉన్నానని చెప్పినవానిని కూడా 24 గంటలు ఒంటరిగా విడువరాదు.

నంద్యాలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. ఆళ్లగడ్డ నుండి నంద్యాల 40, కర్నూలు 110 కిలోమీటర్ల దూరంలో ఉండుట వలన ప్రమాద స్థలంలో మొదటి పది నిమిషాలలో చేసిన సరియైన పనికే విలువ ఎక్కువ.

నివారణ

నివారణ చర్యలకు ఒక క్రమం ఉన్నది. మొదట ప్రమాదాన్నే లేకుండ చేయుట, తరువాత అడ్డుకట్టలు, ఆ తరువాత పద్ధతులు, చివరకు ఒంటిపై ధరించు సాధనాలు. మిల్లులలో సాధారణంగా ఈ క్రమం తలక్రిందులై, ఒక బెల్టు కొనియిచ్చి పని ముగిసినదనుకుంటారు. కొక్కెం తగిలించుటకు గట్టి ఆధారం లేనిచో ఆ బెల్టు అలంకారమే.

* లేకుండ చేయుట: ఎత్తున చేయు పనిని నేలపైకి తెచ్చుట, బస్తాలకు కన్వేయరు బెల్టు, గొట్టం పూడిక తీయుటకు క్రిందినుండి తలుపు, 50 కిలోలకు మించని సంచులు.
* అడ్డుకట్టలు: గుంతలపై బిగించిన జాలీలు, మెట్లకు ఇరువైపుల కటకటాలు, అటకల అంచుకు కాలుజారకుండ అడ్డుపట్టీ, గరుకు గచ్చు, నీటి కాలువలు, తగినంత వెలుతురు.
* పద్ధతులు: చిందినది చిందినట్లే తుడుచుట, రేకుల కప్పుపై పలకలు పరచి మాత్రమే నడుచుట, తొట్టిలోనికి దిగుటకు ముందు గాలి పరీక్ష, వ్రాతపూర్వక అనుమతి, బయట కాపలా మనిషి, నిచ్చెనను నాలుగు పాళ్ల ఎత్తుకు ఒక పాలు దూరం చొప్పున ఆనించి పైన కట్టుట.
* ధరించు సాధనాలు: జారని అడుగు గల బూట్లు, పూర్తి శరీరపు బెల్టు, హెల్మెట్. రబ్బరు హవాయి చెప్పులు తడినేలపై పనికిరావు.

బ్రిటన్ 2005లో చేసిన ఎత్తున పనుల నిబంధనలు ఇన్ని మీటర్లు అన్న పరిమితి పెట్టక, పడి గాయపడే అవకాశమున్న ఏ ఎత్తుకైనా వర్తిస్తాయి. అమెరికాలో సాధారణ పరిశ్రమలలో 4 అడుగుల ఎత్తునుండియే రక్షణ తప్పనిసరి.

చట్టపు నిబంధనలు

మన దేశంలో ఏడు దశాబ్దాలకు పైగా ఈ విషయాన్ని నడిపినది కర్మాగారాల చట్టం, 1948. దాని 11వ సెక్షను తడిసే నేలకు నీరుపారుదల ఉండవలెనని, 32వ సెక్షను నేల, మెట్లు, దారులు గట్టిగా, అడ్డంకులు, జారుడు పదార్థాలు లేకుండ ఉండవలెనని, పడిపోయే అవకాశమున్న ఎత్తున పనిచేసేవారికి కంచె వంటి రక్షణ కల్పించవలెనని, 33వ సెక్షను గుంతలకు, తొట్లకు, నేలలోని రంధ్రాలకు మూత గాని కంచె గాని ఉండవలెనని, 36వ సెక్షను విషవాయువులుండు తొట్లలోనికి తగిన రక్షణ లేక ఎవరినీ దింపరాదని చెప్పినవి.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోనికి వచ్చుటతో ఈ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చినది. కొత్త కోడ్‌లో కర్మాగారం అనిపించుకొనుటకు కరెంటుతో నడుచు చోట 20 మంది, కరెంటు లేని చోట 40 మంది పనివారుండవలెను. పూర్వం ఈ సంఖ్యలు 10, 20. అయితే 10 మంది ఉన్న సంస్థ కూడా కోడ్ పరిధిలోనిదే కాబట్టి యజమాని సాధారణ బాధ్యతలు దానికీ వర్తిస్తాయి. ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వవలెను. మరణం గాని, 48 గంటలు లేక అంతకు పైగా పనిచేయలేని గాయం గాని కలిగినచో అధికారులకు తెలుపవలెను. యజమాని విధిని పాటించకపోవుట వలన మరణం సంభవించినచో రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానా, లేదా రెండును విధించవచ్చును. ఆ జరిమానాలో కనీసం సగం బాధితునికి లేక వారసులకు ఇప్పించుటకు న్యాయస్థానానికి అధికారం ఉన్నది.

నష్టపరిహారం

పరిహారపు మూలసూత్రాలు 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలోనివి. 2010లో ఇది ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా పేరుమారినది. 2025 నవంబరు నుండి సామాజిక భద్రత కోడ్, 2020 దీని స్థానంలో ఉన్నది. ప్రధాన సూత్రాలు అందులోనూ కొనసాగుతున్నవి. మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, పూర్తి శాశ్వత వైకల్యమైతే 60 శాతాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకొను వేతన పరిమితిని 2020 జనవరిలో నెలకు 15,000 రూపాయలు చేశారు.

ఉదాహరణకు 35 ఏళ్ల వయస్సు, నెలకు 12,000 రూపాయల వేతనం గల హమాలీ మరణించినచో: 6,000 × 197.06 = 11,82,360 రూపాయలు. పూర్తి వైకల్యమైనచో: 7,200 × 197.06 = 14,18,832 రూపాయలు.

తెలిసికొనవలసిన ముఖ్య విషయాలు:

* మామూలు అజాగ్రత్త పరిహారానికి అడ్డు కాదు. మద్యం మత్తు, భద్రతా ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించుట, రక్షణ సాధనాన్ని కావాలని తొలగించుట మాత్రమే యజమాని చెప్పుకొనదగిన కారణాలు. మరణం, పూర్తి శాశ్వత వైకల్యం సంభవించిన సందర్భాలలో ఇవి కూడా చెల్లవు.
* రోజుకూలీ అన్న కారణంతో పరిహారం నిరాకరింపరాదు. తాత్కాలిక పనివారిని మినహాయించిన మాటలను 2000 నాటి సవరణలో తొలగించారు.
* కాంట్రాక్టరు లేక మేస్త్రీ ద్వారా వచ్చినవాడైనను అసలు యజమానికి బాధ్యత ఉన్నది.
* వైకల్యాన్ని ఆ మనిషి చేసే పనిని బట్టి చూడవలెను. పని చేయుచు పడిపోయి ఎడమచేతిని పోగొట్టుకొన్న ఒడిశాకు చెందిన వడ్రంగి విషయంలో, ఒంటి చేతితో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో తీర్పుచెప్పినది.
* ఇ.ఎస్.ఐ. పరిధిలోని సంస్థలో బీమా ఉన్నచో చికిత్స, పని లేని కాలపు వేతనంలో 90 శాతం, మరణిస్తే ఆధారపడినవారికి పెన్షను ఆ సంస్థ నుండే లభించును. అప్పుడు యజమాని నుండి వేరుగా పరిహారం కోరుటకు వీలులేదు.
* 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుండి 70 ఏళ్లలోపు బ్యాంకు ఖాతాదారులు సంవత్సరానికి 20 రూపాయల ప్రీమియంతో (2022 జూన్ నుండి) ప్రమాద మరణానికి 2 లక్షల బీమా పొందవచ్చును. ఇది చట్టపరమైన పరిహారానికి అదనం, ప్రత్యామ్నాయం కాదు.

ఆచరణలోని చిక్కు

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నను, చిన్న మిల్లులలో పడినవాని కుటుంబానికి పరిహారం అందకపోవుటకు ముఖ్య కారణం ఆధారాలు లేకపోవుట. హమాలీ ఒకే వారంలో రెండు మూడు మిల్లులలో బస్తాలు దించుతాడు. కూలి చేతికి నగదుగా వచ్చును. హాజరు పట్టీలో పేరుండదు. ప్రమాదం జరిగిన రోజున "ఇంటివద్ద పడినాడు" అని ఆసుపత్రిలో వ్రాయించినచో, ఆ ఒక్క వాక్యం తరువాతి దావా అంతటినీ చెరుపును. పెద్దమనుషుల సమక్షంలో కొంత సొమ్ము చేతిలో పెట్టి తెల్లకాగితంపై వేలిముద్ర తీసికొనుట మరొక ఆచారం. చట్టప్రకారం మరణ పరిహారాన్ని అధికారి వద్ద జమచేయవలెను. నేరుగా చేతికిచ్చినది పరిహారం చెల్లించినట్లు కాదు.

అందుచేత గాయపడినవాని తోటివారు, కుటుంబసభ్యులు ఈ క్రింది పనులు చేయవలెను:

1. ఆసుపత్రిలో పని స్థలంలో పడినట్లు, తేదీ, సమయం, మిల్లు పేరుతో వ్రాయించి ఆ నకలు దాచుకొనవలెను.
2. తీవ్రగాయం లేక మరణమైనచో పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదు చేయించవలెను.
3. పడిన చోటును, గుంతను, మెట్లను మార్చకముందే ఫోటో తీయవలెను.
4. చూచినవారి పేర్లు, బస్తాల లెక్క చీటీలు, ఫోనుకు వచ్చిన చెల్లింపు సందేశాలు భద్రపరచవలెను.
5. యజమానికి వ్రాతపూర్వకంగా తెలిపి, కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వవలెను. 1923 చట్టంలో దీనికి రెండేళ్ల గడువుండేది కాబట్టి ఆలస్యం కూడదు.
6. చదువకుండ, చదివించుకొనకుండ ఏ కాగితంపైనను సంతకం గాని వేలిముద్ర గాని వేయరాదు.

యజమానుల వైపునుండి చూచినను నివారణయే చౌక. ధాన్యపు గుంతపై ఇనుప జాలీకి, మెట్ల కటకటాలకు, నాలుగు దీపాలకు అయ్యే ఖర్చు పై ఉదాహరణలోని పరిహారంలో స్వల్ప భాగమే. హాజరు పట్టీలో పేరు వ్రాయుటకు అసలు ఖర్చే లేదు.

ఇవి కూడా చూడండి

* కర్మాగారాల చట్టం, 1948
* లేబర్ కోడ్‌లు
* సాంబ మసూరి
* నంద్యాల జిల్లా
* ఆళ్లగడ్డ
* ప్రథమ చికిత్స